డొమైన్ తనిఖీ రికార్డు: ఫార్మాట్ మార్చుకుంటూ పోయిన డైరీ

హన్మకొండలో మాది చిన్న హోస్టింగ్ ఆఫీసు. కోడ్, సర్వర్లు నేను చూస్తాను, ఫోన్లు మా చెల్లె చూస్తుంది. వెబ్‌సైట్, మెయిల్ మా సర్వర్ల మీద ఉంటాయి. డొమైన్ మాత్రం కస్టమర్ ఎప్పుడో, ఎక్కడో కొనుక్కున్నది. అది నిజంగా ఆయనదేనని తేలాలంటే, ఆయన తన డొమైన్ ప్యానెల్‌లోకి వెళ్లి మేమిచ్చిన టీఎక్స్‌టీ రికార్డు (డొమైన్ పేరు మీద పెట్టే చిన్న రాత) ఒకటి పెట్టాలి. మెయిల్ స్పామ్‌లో పడకుండా ఉండాలంటే ఇంకొన్ని. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ తన ఖాతాలకు మెయిల్ పంపే ప్రతి డొమైన్‌కీ ఎస్‌పీఎఫ్ (ఆ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే రికార్డు) గానీ డీకిమ్ (మెయిల్ మీద వేసే సంతకం, దాన్ని సరిచూసే కీ రికార్డులో ఉంటుంది) గానీ ఉండాలంటోంది. రోజుకి 5000కి పైగా పంపేవాళ్లకి ఆ రెండూ, డీమార్క్ (ఆ తనిఖీలు తప్పితే మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే రికార్డు) కూడా ఉండాలి. దాంతో మిర్చి కమీషన్ కొట్టు నుంచి కోచింగ్ సెంటర్ దాకా అందరూ ఈ పని చేయాల్సివచ్చింది.

ఈ డైరీ ఆ రికార్డు ఏ రూపంలో ఉండాలన్నదాని గురించి. ఇలాంటిది కట్టేవాళ్లు మేం పడ్డ గుంటల్లో పడకుండా వెళ్లొచ్చు.

రికార్డులన్నీ ఇక్కడ తెలుగు లిపిలో రాశాను, బాక్సులో కొట్టేవి ఇంగ్లిష్ అక్షరాలే. కస్టమర్ల డొమైన్లకి బదులు ఎగ్జాంపుల్.కామ్ అని వాడాను, అది ఉదాహరణల కోసమే పక్కన పెట్టిన పేరు.

లెక్క ఇలా: కస్టమర్ తన ప్యానెల్‌లో తనే ఒక రికార్డు పెడితే అది ఒక ప్రయత్నం. మొదటిసారికే సరిగ్గా పడితే పాస్. మేం లాగిన్ అయి పెట్టినవి లెక్కలో లేవు. ఫోన్ నిమిషాలు చెల్లె కాల్ లాగ్ నుంచి తీసినవి.

దశ 1: మొదటి ఫార్మాట్

పేరు: _ఓరుగల్లు
విలువ: "వీ=1; టోకెన్=..."

టోకెన్ (ఒక్కో కస్టమర్‌కి మేం వేరుగా ఇచ్చే గుర్తు) 32 బైట్లు, బేస్64లో (బైట్లని అక్షరాలుగా రాసే పద్ధతి) 44 అక్షరాలు. మొత్తం విలువ 55 అక్షరాలు. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, ప్లస్, స్లాష్, చివర ఈక్వల్ గుర్తు, మధ్యలో ఒక సెమీకోలన్, ఒక ఖాళీ. ప్రోగ్రాం రాసేవాడికి ఇందులో తప్పేమీ కనిపించదు. నాకూ కనిపించలేదు.

14 ప్రయత్నాలు. 5 పాస్, 9 ఫెయిల్. ఆ తొమ్మిది ఇవి:

1. పేరు రెండింతలైంది: 3
2. కోట్స్ గొడవ: 2
3. వాట్సాప్ మెసేజ్ మొత్తం వాల్యూ బాక్సులో పడింది: 1
4. సెమీకోలన్ తర్వాతి భాగం పోయింది: 1
5. ఓరుగల్లు స్పెల్లింగ్ తప్పు: 1
6. టోకెన్‌లో ఒక అక్షరం తప్పు: 1

పేరు రెండింతలవడం గురించి ముందు చెప్పాలి, చివరిదాకా వదలనిది అదే. జోన్ ఫైల్ (ఒక డొమైన్ రికార్డులన్నీ రాసి ఉండే ఫైల్) నియమం 1987 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1035లోనే (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ నియమాల పత్రాలు) ఉంది: పేరు చివర చుక్క లేకపోతే దాని వెనక డొమైన్ తగిలించాలి. కొన్ని ప్యానెళ్లు ఈ నియమాన్నే లోపల పాటిస్తాయి, కొన్ని పూర్తి పేరు అడుగుతాయి, కొన్ని చివర చుక్క పెడితే ఒప్పుకోవు. మేం జాగ్రత్త అనుకుని పూర్తి పేరు పంపాం. ముగ్గురి జోన్లలో అది _ఓరుగల్లు.ఎగ్జాంపుల్.కామ్.ఎగ్జాంపుల్.కామ్ అయి కూర్చుంది. ప్యానెల్‌లో చూస్తే మాత్రం అంతా బాగానే కనిపిస్తుంది.

సెమీకోలన్ సంగతి నాకు ముందే తట్టాల్సింది. ఒక కోచింగ్ సెంటర్‌లో ల్యాబ్ చూసుకునే అబ్బాయి సొంత బైండ్ సర్వర్ (డొమైన్ రికార్డుల గురించి అడిగితే జవాబిచ్చే సాఫ్ట్‌వేర్) నడుపుతున్నాడు. విలువని కోట్స్ లేకుండా జోన్ ఫైల్‌లో రాశాడు. అక్కడ కోట్స్ బయట సెమీకోలన్ వస్తే ఆ తర్వాతిదంతా కామెంట్. మాకు చేరింది "వీ=1" ఒక్కటే. ఎర్రర్ రాలేదు, జోన్ ఫైల్‌ని సరిచూసే నేమ్డ్-చెక్‌జోన్ కూడా ఏమీ అనలేదు, అనడానికి అందులో తప్పు లేదు కాబట్టి.

మొత్తం: 14 ప్రయత్నాలు, 5 పాస్, ఫోన్ 310 నిమిషాలు.

దశ 2: పక్కన కూర్చుని చూడటం

ఫోన్‌లో విన్నదాన్ని బట్టి రెండు వారాలు సహాయం పేజీ దిద్దుతూ పోయాను. పేజీ పొడుగైంది, ఫెయిళ్లు తగ్గలేదు. అప్పుడు చెల్లె అన్నది: "అన్నా, వాళ్లు తప్పు కొడ్తలేరు. మనమిచ్చిందే తప్పువడేటట్టు ఉన్నది. ఒక్కసారి పోయి చూడు."

కొత్తవాడలో దరీలు అమ్మే షాపుకి వెళ్లాను. ఆయనకి కంప్యూటర్ లేదు, అంతా ఫోన్‌లోనే. మేం పంపిన వాట్సాప్ మెసేజ్ మీద వేలు నొక్కి పట్టి కాపీ కొట్టారు. పేరు, విలువ, "నమస్తే సార్" అన్న పలకరింపు, అన్నీ కలిసి వచ్చాయి. వాల్యూ బాక్సులో పేస్ట్ చేసి, పైనుంచి కిందికి ఒక్కొక్క అక్షరం చెరుపుకుంటూ వచ్చారు. చేతిలో దరీ నూలు పట్టుకునే మనిషి, ఆ వేలు స్క్రీన్ మీద ఎక్కడ ఆగాలో అక్కడ ఆగదు. రెండక్షరాలు ఎక్కువ పోయాయి. "పెట్టిన సారు, సేవ్ గూడ అయింది. గదేంది మీకు కనవడ్తలేదంటున్నరు?" అని అడిగారు. ఆయన చేసిన ప్రతి పనీ సరైనదే. ఒక్క మెసేజ్‌లో మూడు సంగతులు కుక్కింది మేం.

అదే రోజు ఏనుమాముల మార్కెట్ దగ్గర ఒక కమీషన్ కొట్టులో కోట్స్ సంగతి తేలింది. గుమాస్తా మా సూచనల్ని వర్డ్‌లో పెట్టుకుని ప్రింట్ తీసుకున్నాడు, ఆ ఫైల్ నుంచే పేస్ట్ చేశాడు. వర్డ్ మామూలు కోట్స్‌ని వంపు కోట్స్‌గా మార్చేసింది. డిగ్‌లో (రికార్డుల్ని అడిగి చూపించే కమాండ్) చూస్తే విలువకి ముందు \226\128\156, చివర \226\128\157 వచ్చాయి. వంపు కోట్ ఒక్కొక్కటి మూడు బైట్లు, ప్యానెల్ వాటిని విలువలో భాగమనుకుని దాచుకుంది. రెండో కేసులో మామూలు కోట్సే పెట్టారు, కానీ ఆ ప్యానెల్ తన కోట్స్ తనే తగిలిస్తుంది, వీళ్లవి లోపల ఉండిపోయాయి.

ఓరుగల్లు స్పెల్లింగ్‌కి మనసు కష్టపడ్డాను, ఆ పేరంటే ఇష్టం కాబట్టి. ఫోన్‌లో వింటే ఒకరు ముందు ఒక 'ఓ' కొడతారు, ఒకరు రెండు, ఒకరు 'డబ్ల్యూ'తో మొదలుపెడతారు. చివర 'ఎల్' ఒకటా రెండా అన్నది ఇంకో గొడవ. తెలుగు మాటకి ఇంగ్లిష్ స్పెల్లింగ్ అందరికీ ఒకటి ఉండదు. రికార్డు పేరులో తెలుగు మాట పెట్టకూడదని ఆ రోజే రాసుకున్నాను.

సొంత రికార్డు టైప్ పెడదామా అని ఒక పూట ఆలోచించాను. 65280 నుంచి 65534 దాకా నంబర్లు సొంత వాడకానికే వదిలారు. తెలియని టైప్‌ని కూడా సర్వర్లు మోయగలిగేలా 2003లోనే ఆర్‌ఎఫ్‌సీ 3597 వచ్చింది. అయితే కస్టమర్ ప్యానెల్‌లో ఉండేది ఏడెనిమిది టైపుల డ్రాప్‌డౌన్ మాత్రమే. ఎస్‌పీఎఫ్‌కి 99 నంబరుతో ప్రత్యేకంగా టైప్ ఇచ్చినా జనం టీఎక్స్‌టీలోనే పెట్టుకుంటూ పోయారు, 2014లో ఆర్‌ఎఫ్‌సీ 7208 దాన్ని పక్కన పెట్టేసింది. టీఎక్స్‌టీ అందంగా ఉందని కాదు, డ్రాప్‌డౌన్‌లో ఉందని ఎంచుకున్నాం.

ఫార్మాట్ 2

పేరు: _సైట్
విలువ: హెచ్‌ఎన్‌కే- తర్వాత 17 అక్షరాలు

మార్పులు, కారణాలు:

1. సెమీకోలన్, ఖాళీ, ఈక్వల్ తీసేశాం. ఇప్పుడు కోట్స్ ఉన్నా లేకపోయినా విలువ చెడదు.
2. బేస్64 బదులు 32 గుర్తుల అక్షరమాల. అంకెలు పది, అక్షరాలు ఇరవై రెండు. ఐ, ఎల్, ఓ, యూ లేవు. పెద్దదీ చిన్నదీ ఒకటే.
3. 16 అక్షరాలంటే 80 బిట్లు. ఈ పనికి చాలు.
4. నాలుగేసి చొప్పున, చివరి ముక్క మాత్రం ఐదుగా, అడ్డగీతలతో విడగొట్టి చూపిస్తాం. తనిఖీలో గీతలన్నీ తీసేస్తాం, వర్డ్ మార్చేసే పొడుగు గీతలతో సహా.
5. పేరుకి ఒక వాట్సాప్ మెసేజ్, విలువకి ఒకటి. ఆ మెసేజ్‌లో ఇంకో మాట ఉండదు. బోల్డ్ చేయకూడదు, ఒకసారి నక్షత్రం గుర్తులు కూడా కాపీ అయి వచ్చాయి.

విలువ 55 అక్షరాల నుంచి 24కి దిగింది.

17వది తనిఖీ అక్షరం. మా సర్వర్‌కి సరైన టోకెన్ తెలుసు కదా, ఇదెందుకు అని అడగొచ్చు. తేడా వచ్చినప్పుడు అది చేతి తప్పా, పాత టోకెనా అన్నది దీనివల్ల తెలుస్తుంది. కస్టమర్‌కి చెప్పే మాట రెండింటికీ వేరు. చేసే విధానం:

1. ప్రతి అక్షరానికి 0 నుంచి 31 దాకా ఒక విలువ.
2. 16 విలువల్ని వరసగా 1, 3, 5 ఇలా 31 దాకా ఉన్న బేసి సంఖ్యలతో గుణించాలి.
3. అన్నీ కూడి 32తో భాగించి శేషం తీసుకోవాలి.
4. ఆ శేషానికి సరిపడే అక్షరమే 17వది.

మొదట 31తో భాగించాను, ప్రధాన సంఖ్య అయితే మంచిదని. అప్పుడు సున్నా బదులు జెడ్ పడితే పట్టలేదు, వాటి తేడా సరిగ్గా 31. 32తో, బేసి గుణకాలతో చేస్తే ఏ ఒక్క అక్షరం మారినా తప్పక దొరుకుతుంది. మొదటి 16లో పక్కపక్క అక్షరాలు తారుమారైతే మాత్రం విలువల తేడా 16 ఉన్న జంటలు తప్పించుకుంటాయి, 16, 17వవి తారుమారైతే ఎప్పుడూ దొరకదు. దానికి నేను ఒప్పుకున్నాను. ఫోన్‌లో చదివేటప్పుడు జరిగేది తారుమారు కాదు, బీ బదులు డీ, టీ బదులు పీ.

12 ప్రయత్నాలు, 8 పాస్. నాలుగు ఫెయిళ్లలో రెండు మళ్లీ పేరు రెండింతలవడమే. ఒకరు కింద గీత బదులు అడ్డగీత పెట్టారు. నాలుగోది నాకు రెండు గంటలు పట్టింది: ఫోన్‌లో తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉంది, కొట్టిన మాట తెలుగులో 'సైట్' అయింది, ప్యానెల్ దాన్ని చడీచప్పుడు లేకుండా పనీకోడ్‌లోకి (వేరే లిపిని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే పద్ధతి) మార్చి ఎక్స్‌ఎన్-- అని దాచుకుంది. తెలుగు పేరు డీఎన్‌ఎస్‌లో (డొమైన్ పేర్ల వ్యవస్థ) ఉండటం తప్పేమీ కాదు, 2011లోనే .భారత్ తెలుగు లిపిలో వచ్చింది. మేం వెతికే చోట అది లేదు, అంతే.

మొత్తం: 26 ప్రయత్నాలు, 13 పాస్, ఫోన్ 460 నిమిషాలు.

దశ 3: తనిఖీ బటన్, మేం చేసిన పాడు పని

ఇది పూర్తిగా మా తప్పు. ఒక మేడం రికార్డు సేవ్ చేయకముందే మా పేజీలో 'తనిఖీ' నొక్కారు. మా రిసాల్వర్ (మా తరఫున రికార్డుల్ని అడిగి, జవాబు కొంతసేపు దాచుకునే సర్వర్) వెళ్లి అడిగింది, ఆ పేరు లేదన్న జవాబు వచ్చింది. లేదన్న జవాబుని కూడా దాచుకుంటారని, ఎంతసేపన్నది జోన్ మొదట్లో ఉండే ఎస్‌ఓఏ రికార్డు చెబుతుందని 1998 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2308లో ఉంది. ఆ డొమైన్‌కి అది 3600 సెకన్లు. తర్వాత ఆమె రికార్డు సరిగ్గా పెట్టారు. మా పేజీ గంటసేపు "లేదు" అంటూనే ఉంది. ఆమె మా మాట నమ్మి, సరిగ్గా ఉన్నదాన్ని చెరిపి, పేరు మార్చి, ఇంకోలా పెట్టి, సాయంత్రానికి అలిసిపోయారు. లెక్కలో అది పాసే. పాడుచేసింది మేం. చెల్లె ఫోన్ చేసి క్షమాపణ చెప్పింది, మర్నాడు నేను వెళ్లి చెప్పాను.

మార్చినవి:

1. రిసాల్వర్‌ని అడగడం మానేశాం. డొమైన్ నేమ్‌సర్వర్లు (దాని రికార్డులు ఉండే సర్వర్లు) ఎవరో కనుక్కుని, వాటన్నిటినీ నేరుగా అడుగుతున్నాం.
2. ఒక సర్వర్‌లో ఉండి ఇంకోదాంట్లో లేకపోతే "ఇంకా పాకుతోంది, చెరపకండి" అని చెబుతాం.
3. "లేదు" అని ఒక్క మాటతో వదలం. కనిపించినదాన్ని కనిపించినట్టే చూపిస్తాం.

మూడోది అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది. తనిఖీ ఇప్పుడు అసలు పేరుతో పాటు రెండింతలైన పేరు, గీత లేని పేరు, ముందు ఏ పేరూ లేని వట్టి డొమైన్, ఇవన్నీ కూడా చూస్తుంది. దొరికితే "మీ రికార్డు ఉంది, కానీ పేరు వెనక డొమైన్ రెండుసార్లు పడింది. నేమ్ బాక్సులో _సైట్ అని మాత్రమే ఉంచండి" అని చెబుతుంది. విలువలో కంటికి కనబడని అక్షరాలుంటే అదీ చెబుతుంది.

తప్పు చోట దొరికినదాన్ని ఒప్పుకోవాలా అని చెల్లె, నేను రెండు రోజులు వాదించుకున్నాం. "దొరికింది గదా, పాస్ చెయ్యి" అంటుంది. కింద గీతతో మొదలయ్యే పేరుని మామూలు సబ్‌డొమైన్‌గా ఎవరికీ పంచరు. గీత లేని 'సైట్' అలా కాదు, సబ్‌డొమైన్లు పంచిపెట్టే డొమైన్‌లో ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు దాన్ని తీసుకుని మొత్తం డొమైన్ మాదే అనొచ్చు. అందుకని గుర్తిస్తాం, చెబుతాం, ఒప్పుకోం. ఇందులో ఆమె మాట కాదన్నందుకు ఇప్పటికీ నాది సరైన నిర్ణయమే అనుకుంటున్నాను.

పేరు రెండింతలవకుండా చివరికి పనిచేసిన వాక్యం చెల్లెదే. పాత సహాయం పేజీ 640 మాటలు. దాని స్థానంలో ఇది పెట్టాం: "మీ ప్యానెల్‌లో ఇప్పటికే ఉన్న డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ రికార్డు చూడండి. అక్కడ పేరు పొట్టిగా ఉంటే పొట్టిది పేస్ట్ చేయండి, డొమైన్‌తో సహా ఉంటే పొడుగుది పేస్ట్ చేయండి." రెండు మెసేజ్‌లూ పంపుతాం. చుక్క గురించి ఒక్క మాట కూడా చెప్పం.

10 ప్రయత్నాలు, 9 పాస్. మొత్తం: 36 ప్రయత్నాలు, 22 పాస్, ఫోన్ 520 నిమిషాలు.

దశ 4: డీకిమ్, 410 అక్షరాలు

డీకిమ్ రికార్డులో ఉండే 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ (ఒక సంతకం పద్ధతి) పబ్లిక్ కీ 294 బైట్లు, బేస్64లో 392 అక్షరాలు. ముందుండే "వీ=డీకిమ్1; కే=ఆర్‌ఎస్‌ఏ; పీ=" 18. వెరసి 410. టీఎక్స్‌టీలో ఒక్కో తీగకి (స్ట్రింగ్, అంటే ఒక అక్షరాల వరస) 255 బైట్లే హద్దు, కాబట్టి 255, 155గా రెండు ముక్కలు కావాలి. కొన్ని ప్యానెళ్లు తామే ముక్కలు చేస్తాయి, కొన్ని ఎర్రర్ ఇస్తాయి, ఒకటి 255 దగ్గర కోసేసి సేవ్ అయిందని చెప్పింది.

6 ప్రయత్నాలు, 1 పాస్, ఫోన్ 168 నిమిషాలు. ఒక్కోదానికి 28 నిమిషాలు. ఇక్కడితో ఆపేశాను.

చూసిన దారులు:

1. 1024 బిట్ల కీ: 234 అక్షరాలు, ఒక్క తీగలో పడుతుంది. కానీ 2018 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8301 సంతకానికి 2048 వాడమంటోంది. ఫారం ఇరుకుగా ఉందని తాళం చిన్నది చేయకూడదు. వద్దనుకున్నాం.
2. ఈడీ25519 (ఇంకో సంతకం పద్ధతి) కీ: 44 అక్షరాలే. మెయిల్ అందుకునే సర్వర్లన్నీ దాన్ని సరిచూడవు. వద్దు.
3. సీనేమ్: కస్టమర్ ఒక పొట్టి పేరు నుంచి మా పేరుకి దారి చూపిస్తే చాలు, 410 అక్షరాలు మా జోన్‌లో ఉంటాయి. కీ మార్చాలంటే ఆయన్ని మళ్లీ అడగక్కర్లేదు.

మూడోది తీసుకున్నాం. ఒక జాగ్రత్త: సీనేమ్ ఉన్న పేరు మీద ఇంకే రికార్డూ ఉండకూడదు. పాత టీఎక్స్‌టీ అక్కడే ఉంటే ప్యానెల్ ఒప్పుకోదు, చెరపమంటే కస్టమర్ పక్కది చెరుపుతారు. అందుకే సెలెక్టర్ (డీకిమ్ కీ ఎక్కడుందో చూపే పేరు) పేరే కొత్తది ఇస్తాం, పాతదాని జోలికి పోం.

8 ప్రయత్నాలు, 7 పాస్, ఫోన్ 56 నిమిషాలు.

ఎస్‌పీఎఫ్‌ని ఈ లెక్కలో కలపలేదు, ఎందుకంటే అక్కడ ఫార్మాట్ మా చేతిలో లేదు. రెండు సంగతులు మాత్రం రాస్తాను. ఒకటి, "ఈ రికార్డు పెట్టండి" అంటే జనం పాతది ఉంచి రెండోది పెడతారు. రెండు ఎస్‌పీఎఫ్‌లుంటే రెండూ చెల్లవు. ఇప్పుడు మేమే పాతది చదివి, మాది కలిపి, "దీన్ని చెరిపి దీన్ని పెట్టండి" అని మొత్తం విలువ ఇస్తున్నాం. రెండు, కోట్స్ లేకుండా జోన్ ఫైల్‌లో రాస్తే ఖాళీ ఉన్న ప్రతిచోటా వేరే తీగ అవుతుంది, చదివేవాళ్లు వాటిని ఖాళీ లేకుండా అతికిస్తారు. "వీ=ఎస్‌పీఎఫ్1 ఎంఎక్స్ -ఆల్" కాస్తా "వీ=ఎస్‌పీఎఫ్1ఎంఎక్స్-ఆల్" అవుతుంది. కోచింగ్ సెంటర్ అబ్బాయి సర్వర్‌లో ఇదే దొరికింది.

మొత్తం: 50 ప్రయత్నాలు, 30 పాస్, 20 ఫెయిల్, ఫోన్ 744 నిమిషాలు.

దశ 5: మిగిలిన రెండు

దశ 3లో ఒకటి, దశ 4 సీనేమ్‌లలో ఒకటి ఫెయిల్ అయ్యాయి కదా, రెండూ ఒకే తప్పు. పేరు సరిగ్గా ఉంది, విలువ సరిగ్గా ఉంది, స్క్రీన్‌షాట్ కూడా పంపారు. పెట్టిన ప్యానెలే వేరు. డొమైన్ కొన్నచోట ప్యానెల్ ఒకటుంది, కానీ మునుపు వెబ్‌సైట్ చేసినవాళ్లు నేమ్‌సర్వర్లు ఇంకో చోటికి మార్చి వెళ్లిపోయారు. కొన్నచోట ప్యానెల్ ఇంకా తెరుచుకుంటుంది, రికార్డు సేవ్ అవుతుంది, దాన్ని అడిగేవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

దీన్ని ఏ ఫార్మాటూ బాగుచేయదు. చేసిందల్లా వరస మార్చడం. రికార్డు చూపించే ముందే నేమ్‌సర్వర్ల పేర్లు తెచ్చి, "మీ రికార్డులు ఇప్పుడు వీళ్ల దగ్గర ఉన్నాయి. వీళ్ల లాగిన్ మీ దగ్గరుందా?" అని అడుగుతున్నాం. లేదంటే విలువ చూపించం, చెల్లెకి కాల్ వెళ్తుంది.

ఆ రెండో కేసు కొత్తవాడ షాపాయనదే. లాగిన్ ఉన్నది పాత వెబ్‌సైట్ చేసిన మనిషి దగ్గర, ఆయన ఫోన్ ఎత్తడం లేదు. డొమైన్ షాపాయన పేరు మీదే ఉంది కాబట్టి నేమ్‌సర్వర్లు మావైపు తిప్పొచ్చు, కానీ తిప్పేముందు పాత జోన్‌లో ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటీ అడిగి రాసుకోవాలి. ఇప్పటికి తొమ్మిది పేర్లు దొరికాయి. ఆయన దరీల స్టాక్ చూసుకునే సాఫ్ట్‌వేర్ ఏ పేరు మీద నడుస్తోందో ఇంకా తేలలేదు, సోమవారం షాపుకి వెళ్లి ఆయన ఫోన్ పట్టుకుని కూర్చోవాలి.